తాళం వదిలితేనే స్టార్ట్ అయ్యే అంబాసిడర్: కొత్త సెల్ఫ్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వైరింగ్‌లో దొరికిన తప్పులు

బండి 1978 మార్క్ 3 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజన్, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్ బాడీకి కలిపి ఉంటుంది). డైనమో తీసేసి ఎప్పుడో ఆల్టర్నేటర్ పెట్టారు. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రం గాలి సూటిగా తగిలే షెడ్డులో ఉంటుంది. ఎనిమిది నెలల కిందట దీనికి రెండు కొత్త వస్తువులు వేయించారు. పాత బెండిక్స్ సెల్ఫ్ స్థానంలో సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్) నెత్తిమీదే ఉండే గేర్ రిడక్షన్ సెల్ఫ్ వచ్చింది. డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును తెంచి స్పార్కు పుట్టించే పాయింట్లు, వాటి కండెన్సర్ తీసేసి మాగ్నెట్ రింగుతో పనిచేసే ఎలక్ట్రానిక్ మోడ్యూల్ పెట్టారు. రెండూ మంచి సరుకే. కానీ అప్పటినుంచి బండి సుఖంగా స్టార్ట్ అయిన రోజు లేదు.

ఓనరు చెప్పినవి మూడు. "సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అంటుకోదండీ, తాళం వదిలేసిన క్షణంలో అంటుకుంటుంది." రెండోది, ఇంజన్ స్టార్ట్ అయ్యాక కూడా సెల్ఫ్ ఒకటి రెండు సెకన్లు కుయ్యిమంటూనే ఉంటుంది. మూడోది, ఎనిమిది నెలల్లో రెండు మోడ్యూళ్లు కాలిపోయాయి. రెండోది పోయాకే బండిని మా దగ్గరికి తోసుకుంటూ తెచ్చారు. మోడ్యూలే నాసిరకమని అందరూ తేల్చేశారు. ఒకే చోట ఒకే వస్తువు రెండుసార్లు కాలితే ముందు అనుమానించాల్సింది ఆ వస్తువును కాదు, దానికి వెళ్లే కరెంటును.

మొదటి పని కొత్తవి కొనడం కాదు, వెనక్కి వెళ్లడం. ఓనరు దగ్గర పాత పాయింట్ల సెట్టు, కండెన్సర్ ఉన్నాయి. ఆకురాయితో పాయింట్లు శుభ్రం చేసి, 15 థౌ, అంటే 0.38 ఎంఎం గ్యాపుతో బిగించి, కాయిల్ ప్లస్‌కి బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు వేసి సెల్ఫ్ కొడితే రెండో తిప్పుకే ఇంజన్ అంటుకుంది. అంటే కంప్రెషన్, కార్బురేటర్, హెచ్‌టీ వైర్లు (ప్లగ్గులకు వెళ్లే హై టెన్షన్ వైర్లు), టైమింగ్ అన్నీ సరిపడా బాగున్నాయి. ఇక వెతకాల్సింది వైరింగ్ ఒక్కటే. పాయింట్లతోనే టైమింగ్ లైటు పెట్టి, వాక్యూమ్ పైపు పీకి మూసి, 800 ఆర్‌పీఎం దగ్గర చూస్తే టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకి) ముందు 8 డిగ్రీలు. ఆ అంకె రాసి పెట్టుకున్నాం, తర్వాత అవసరం పడింది.

తాళం వదిలితేనే ఎందుకు

లుకాస్ పద్ధతి వైరింగ్‌లో రంగులు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. బ్రౌన్ వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెలుపు ఇగ్నిషన్ ఆన్ అయితే వస్తుంది, దానికి ఫ్యూజు ఉండదు. తెలుపు మీద ఎర్ర గీత సెల్ఫ్ సోలినాయిడ్‌కి, తెలుపు మీద నల్ల గీత కాయిల్ మైనస్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి. ఆకుపచ్చ, ఇగ్నిషన్ మీద ఫ్యూజు దాటి వచ్చేది. నలుపు ఎర్త్.

ఈ బండిలో ఇగ్నిషన్ స్విచ్ ఎప్పుడో మార్చారు. కొత్త స్విచ్‌లో రేడియోకి వెళ్లే యాక్సెసరీ పాయింటు వేరుగా ఉంది. మోడ్యూల్ ఎర్రవైరు, కాయిల్ ప్లస్ రెండూ డ్యాష్‌బోర్డు కింద ఆ రేడియో లైనుకే చుట్టి టేపు వేసి ఉన్నాయి. తాళం ఆన్‌లో పెట్టి టెస్ట్ ల్యాంపుతో చూస్తే వెలుగుతుంది, కాబట్టి అప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. మల్టీమీటర్ ఎర్రవైరు మీద ఉంచి సెల్ఫ్ కొడితే సున్నా. సెల్ఫ్ కొట్టేటప్పుడు హీటర్, రేడియో లాంటివి బ్యాటరీని తినకుండా ఆ స్విచ్ యాక్సెసరీ లైనును కట్ చేస్తుంది. అది దాని ధర్మం. తాళం వదలగానే కరెంటు తిరిగొస్తుంది, ఇంజన్ అప్పటికి ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఊపులో ఒక స్పార్కు అందుకుంటుంది. చలికాలం పొద్దున అయితే ఆ అదృష్టం కూడా ఉండదు.

ఏ బండిలోనైనా మోడ్యూల్‌కి కరెంటు ఇచ్చే ముందు ఆ వైరును తాళం మూడు స్థానాల్లోనూ మీటరుతో చూడాలి: ఆఫ్‌లో సున్నా, ఆన్‌లో నిండుగా, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా. మూడో కొలత తీసేవాళ్లు తక్కువ, తప్పు దొరికేది అక్కడే.

ఎర్త్: చోక్ కేబుల్ చెప్పిన సంగతి

ఎర్రవైరును తెల్లవైరుకి మార్చి మళ్లీ కొలిస్తే సున్నా పోయి 8.2 వోల్టులు వచ్చింది. సరిపోదు. సెల్ఫ్ కూడా కొత్తదైనా బద్ధకంగా తిరుగుతోంది. అప్పుడు నాలుగు కొలతలు తీశాం. బ్యాటరీ పోలు మీదే మీటరు మొన ఆనించాలి, క్లాంపు మీద కాదు. పోలుకీ క్లాంపుకీ మధ్య తప్పు ఉంటే క్లాంపు మీద పెట్టిన మీటరుకు అది కనపడదు. సెల్ఫ్ కొడుతుండగా:

బ్యాటరీ రెండు పోళ్ల మధ్య 10.4 వోల్టులు.
ప్లస్ పోలు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా తగ్గుదల 0.5.
మైనస్ పోలు నుంచి ఇంజన్ బ్లాకు దాకా తగ్గుదల 1.6.
ఇగ్నిషన్ లైనులో తగ్గుదల 0.6.

సెల్ఫ్‌కి చేరుతున్నది 8.3 మాత్రమే. ఇక్కడ ఒక మెలిక ఉంది. మోడ్యూల్ ఎర్త్ అందుకునేది డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఇంజన్ నుంచి. ఇంజనే బ్యాటరీ మైనస్ కంటే 1.6 వోల్టులు పైన కూర్చుంటే ఆ 1.6 సెల్ఫ్‌కీ నష్టమే, మోడ్యూల్‌కీ నష్టమే. ఒకే చిల్లు, రెండు కుండలు కారుతాయి. డీసీ క్లాంప్ మీటరులో కరెంటు 140 ఆంపియర్ల దగ్గర ఉంది, 1.6ని దాంతో భాగిస్తే 11 మిల్లీఓమ్‌లు. మామూలు మల్టీమీటరు ఓమ్స్‌లో పెడితే అంత చిన్న అంకె కనపడదు, "బాగానే ఉంది" అంటుంది. అందుకే బరువు మోస్తున్నప్పుడు వోల్టుల్లో కొలవడం. ప్లస్ వైపు అర వోల్టు, మైనస్ వైపు పావు వోల్టు దాటితే ఊరుకోకూడదు.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు చోక్ కేబుల్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది. డ్యాష్‌బోర్డు దగ్గర దాని పైతొడుగు గోధుమరంగుకి మాడి, లోపలి తీగ పట్టేసినట్టు లాగుతోంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ ఎప్పుడో గేర్‌బాక్స్ దించినప్పుడు తిరిగి బిగించలేదు. అప్పటినుంచి 140 ఆంపియర్లకు దొరికిన దారి చోక్ కేబుల్, యాక్సిలరేటర్ లింకేజీ, సైలెన్సర్ హ్యాంగర్. చోక్ కేబుల్ వేడెక్కిందంటే ఇంజన్ ఎర్త్ లేదనే అర్థం. ఇంకో మీటరు అక్కర్లేదు.

బ్యాటరీ మైనస్ నుంచి సెల్ఫ్ మౌంటింగ్ బోల్టుకే నేరుగా 25 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేశాం. అదికాక ఇంజన్ నుంచి బాడీకి అల్లిన రాగి పట్టీ ఒకటి. లగ్గు (కేబుల్ కొసన ఉండే లోహపు చెవి) కూర్చునే చోట పెయింటు, తుప్పు గీకి లోహం మెరిసేదాకా తేవాలి, పళ్ల వాషర్ వేయాలి, బిగించాక పైన వాసెలిన్ రాయాలి. బిగించకముందే దట్టంగా రాసి పైన లగ్గు పెట్టేవాళ్లున్నారు. ఆ పద్ధతి మాకు నచ్చదు. లోహానికి లోహం ఆనాలి, జిడ్డు బయట ఉండాలి.

కేబుల్ మందం గురించి జనం ఎక్కువ ఆలోచిస్తారు. 25 స్క్వేర్ రాగికి ఒక మీటరు పొడవుకు దాదాపు 0.7 మిల్లీఓమ్. అంబాసిడర్‌లో బ్యాటరీ బానెట్ కిందే, సెల్ఫ్ దగ్గరే కాబట్టి 140 ఆంపియర్లకు పోయేది 0.1 వోల్టు. నష్టమంతా కొసల్లో ఉంటుంది. ఈ బండి పాత ప్లస్ కేబుల్ లగ్గు దగ్గర స్లీవు చీలిస్తే రాగి పోగులు అరచెయ్యంత పొడవునా పచ్చగా పొడి రాలాయి. విశాఖ తీరంలో మామూలే: ఉప్పు తేమ లగ్గు నోట్లోంచి దూరి పోగుల సందుల్లో పాకుతుంది, బయట స్లీవు కొత్తగానే కనపడుతుంది. అందుకే తగరం పూత ఉన్న లగ్గులు, హైడ్రాలిక్ క్రింపింగ్, పైన లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్. పెద్ద కేబుల్‌కి సోల్డర్ వద్దు. సీసం పోగుల్లోకి పాకి ఆ భాగాన్ని కర్రలా చేస్తుంది, ఇంజన్ ఊగే బండిలో కర్ర ఆగిన చోట విరుగుతుంది.

సెల్ఫ్ కుయ్యిమనడం

పాత బెండిక్స్ సెల్ఫ్‌కి ఒకటే కేబుల్. సోలినాయిడ్ విడిగా రెక్క (మడ్‌గార్డు లోపలి రేకు) మీద ఉంటుంది, తాళం తిప్పితే అది కలిపి కేబుల్‌లోకి కరెంటు పంపుతుంది, మోటారు తిరిగిన ఊపుకి పినియన్ (చిన్న పళ్ల చక్రం) తనే మర మీద జరిగి ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల రింగులో పడుతుంది. కొత్త సెల్ఫ్‌కి రెండు పనులు, రెండు వైర్లు. 30 నంబరు పెద్ద బోల్టుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండాలి. 50 నంబరు చిన్న టెర్మినల్‌కి తాళం తిప్పినప్పుడు మాత్రమే రావాలి.

ముందు వేసినవాళ్లు పాత సోలినాయిడ్‌ను అలాగే ఉంచి, పాత కేబుల్‌ను 30కి తగిలించి, 30 నుంచి 50కి జానెడు వైరుతో లింకు కట్టేశారు. సులువైన దారి, సెల్ఫ్ తిరుగుతుంది కూడా. చిక్కు తాళం వదిలాక వస్తుంది. పాత సోలినాయిడ్ తెరుచుకున్నా లోపలి మోటారు ఇంకా వేగంగా తిరుగుతూ ఉంటుంది. ఈ సెల్ఫ్ మోటారు పర్మనెంట్ మాగ్నెట్ రకం. తిరుగుతున్నంతసేపు డైనమోలా వోల్టేజీ పుట్టిస్తుంది. ఆ కరెంటు ఇంకా కలిసే ఉన్న లోపలి కాంటాక్టు ద్వారా 30కి, లింకు ద్వారా 50కి వచ్చి సోలినాయిడ్‌ను పట్టి ఉంచుతుంది. తన కరెంటుతో తనే పట్టుకుని వేలాడుతుందన్నమాట. ఆ రెండు సెకన్లూ ఇంజన్ రింగు పినియన్‌ను తిప్పుతుంది, వన్‌వే క్లచ్ జారుతూ కుయ్యిమంటుంది. ఇలాగే కొన్ని నెలలు నడిస్తే క్లచ్ పోతుంది, తర్వాత సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజన్ తిరగదు.

లింకు పీకేశాం. బ్యాటరీ ప్లస్ కేబుల్ నేరుగా 30కి. పాత సోలినాయిడ్ బ్యాటరీ వైపు బోల్టు మీదే బండి మొత్తానికి వెళ్లే బ్రౌన్ వైర్లు కూడా ఉంటాయి. కేబుల్ మార్చే హడావుడిలో వాటిని మరిచిపోతే లైట్లు, హారన్, ఛార్జింగ్ అన్నీ చస్తాయి. వాటికోసం రబ్బరు మూత ఉన్న స్టడ్ పోస్టు ఒకటి రెక్క లోపల బిగించి, బ్యాటరీ నుంచి 10 స్క్వేర్ వైరు దానికి తెచ్చాం.

50కి కరెంటు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ద్వారా ఇచ్చాం. సోలినాయిడ్ లోపలికి లాక్కునే మొదటి క్షణంలో 30 ఆంపియర్ల దాకా తాగుతుంది, తర్వాత పది లోపు పట్టు మీద నిలుస్తుంది. ఆ మొదటి దెబ్బ తాళం స్విచ్ మీద పడితే ఏడాదిలో కాంటాక్టులు మాడతాయి. 40 ఆంపియర్ల రిలే కలపడం ఇలా: స్టడ్ పోస్టు నుంచి 30 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు దాటి 4 స్క్వేర్ వైరు రిలే 30కి, రిలే 87 నుంచి అదే మందం వైరు సెల్ఫ్ 50కి, తాళం నుంచి వచ్చే తెలుపు-ఎరుపు వైరు 86కి, 85 ఎర్త్‌కి. రిలేలో డయోడ్ ఉంటే 85, 86 తారుమారు కాకూడదు, తిరగేస్తే డయోడ్ ముందే పేలుతుంది. తాళం మీద ఇప్పుడు పడేది 0.2 ఆంపియర్ లోపు. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగించాలి. పైకి ఉంటే సాకెట్ గిన్నెలా వాననీళ్లు పట్టుకుంటుంది. పాత సోలినాయిడ్‌నే 50కి రిలేగా వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ దాని రేకు డబ్బాలోకి మన ఉప్పుగాలి పోతుంది, సీల్ చేసిన రిలేలోకి పోదు.

ఇగ్నిషన్‌కీ ఇలాగే రెండో రిలే. పాత తెల్లవైరు దాన్ని లేపుతుంది, పోస్టు నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు దాటి 2.5 స్క్వేర్ వైరు కాయిల్ ప్లస్‌కీ మోడ్యూల్ ఎర్రవైరుకీ వెళ్తుంది. 0.6 వోల్టుల తగ్గుదల దీంతో పోయింది.

మోడ్యూల్‌ను చంపింది కాయిల్

మోడ్యూల్‌తో పాటు "హెవీ డ్యూటీ" అని చెప్పి ఒక కాయిల్ కూడా అమ్మారు. ప్రైమరీ (ప్లస్, మైనస్‌ల మధ్య ఉండే చుట్ట) కొలిస్తే 1.5 ఓమ్. ముందు మీటరు రెండు మొనలు ఒకదానికొకటి ఆనించి చూడండి. చాలా మీటర్లు వైర్లకే 0.2, 0.3 చూపిస్తాయి, అది తీసేయాలి. 1.5 ఓమ్ కాయిల్ బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్ కరెంటును తగ్గించే రెసిస్టర్) కలిపి వాడాల్సింది, ఈ బండిలో బ్యాలస్ట్ లేదు. ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తుంటే 14ని 1.5తో భాగిస్తే 9.3 ఆంపియర్లు. 3.2 ఓమ్ కాయిల్ అయితే 4.4. నాలుగు సిలిండర్ల బండికి ఈ తరహా మోడ్యూళ్లు కనీసం 3 ఓమ్‌ల కాయిల్ అడుగుతాయి. పెట్టెలోని కాగితం మీద ఉంటుంది, పెట్టెతో పాటు పారేస్తారు.

దీనికి తోడు బండి ఆగి ఉండగా తాళం ఆన్‌లో పెట్టి రేడియో వినే అలవాటు. పాయింట్లు ఉన్న రోజుల్లో అయితే కాయిల్ కాలేది లేదా పాయింట్లు తెరుచుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఈ మోడ్యూల్ ఇంజన్ ఆగినా కాయిల్‌ను ఆన్‌లోనే ఉంచేయగలదు. 3.2 ఓమ్ కాయిల్ పెట్టి, రేడియోను యాక్సెసరీ లైనుకే వదిలేశాం, ఇక తాళం యాక్సెసరీ మెట్టు మీద ఉంచి వినొచ్చు.

కొత్త మోడ్యూల్ బిగింపులో ఎక్కువ చెప్పేదేం లేదు. పాయింట్లు, కండెన్సర్ తీసి, మోడ్యూల్ బేస్ ప్లేటు మీద, మాగ్నెట్ రింగు క్యామ్ మీద అడుగు దాకా నొక్కి, మధ్య ఖాళీ కిట్‌లోని ప్లాస్టిక్ గేజ్‌తో చూడాలి. ఎర్రవైరు కాయిల్ ప్లస్, నల్లవైరు కాయిల్ మైనస్. నలుపు కదా అని ఎర్త్‌కి కలిపితే స్పార్క్ రాదు. పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్‌వి కూడా ఉంటాయి, వాటికి మోడ్యూలే వేరు. ఒక్కసారి తిరగేసి కలిపినా చాలు, పోతుంది. రాగి తీగ హెచ్‌టీ వైర్లు వద్దు, వాటి గోల మోడ్యూల్‌ని తికమక పెడుతుంది. కార్బన్ కోర్ రెసిస్టర్ వైర్లు వేశాం.

డిస్ట్రిబ్యూటర్ బాడీ కదపకుండానే ఇంజన్ స్టార్ట్ చేసి లైటు పెడితే 14 డిగ్రీలు. మోడ్యూల్ స్పార్క్ ఇచ్చే క్షణం పాయింట్లు తెరుచుకునే క్షణంతో కలవదు, అందుకే పాత గుర్తు పనికిరాదు. 14తో వదిలేస్తే సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. బాడీని కూడా అటే తిప్పితే టైమింగ్ వెనక్కి వస్తుంది. 8 దగ్గర ఆపి బిగించాం.

రోడ్డు మీద బయటపడ్డది

బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా ఏ గొడవా లేదు. హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కిన ప్రతిసారీ కాదు, పదిలో ఒకటి రెండుసార్లు బండి ఒక్క కుదుపు కుదిపింది. ఓనరు ఇది చెప్పనే లేదు. మిగతా బాధల్లో ఇది లెక్కలోకి రాలేదు.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, మీటరు ఒక మొన బేస్ ప్లేటు మీద, ఇంకోటి బాడీ మీద పెట్టి, వాక్యూమ్ పైపు నోటితో పీలిస్తే ప్లేటు కదిలింది, 0.2 ఓమ్ కాస్తా 40 దాకా ఎగిరింది. ఈ లుకాస్ డిస్ట్రిబ్యూటర్లో ప్లేటును బాడీకి కలిపే అంగుళమంత గుడ్డతొడుగు వైరు ఒకటుంటుంది. పైకి బాగానే ఉంది, స్క్రూ దగ్గర తొడుగు లోపల తెగింది. వాక్యూమ్ మారినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, మోడ్యూల్‌కి క్షణంపాటు ఎర్త్ పోతుంది. మోడ్యూల్ మార్చేటప్పుడే ఈ వైరును కూడా మార్చేస్తే మంచిది. సన్న పోగులున్న సిలికాన్ వైరు, 1 స్క్వేర్, కాస్త వదులుగా వంపు ఉంచి. మొద్దు పీవీసీ వైరు వేస్తే ప్లేటును వెనక్కి లాగి అడ్వాన్స్‌ని (వాక్యూమ్‌తో స్పార్కు ముందుకు జరగడాన్ని) చెడగొడుతుంది.

చివరి కొలతలు: సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మీద 10.7, ఎర్త్ తగ్గుదల 0.12, ప్లస్ తగ్గుదల 0.2, మోడ్యూల్ దగ్గర 10.5. కరెంటు ముందులాగే 140 దరిదాపుల్లోనే ఉంది, ఇంజన్‌ని తిప్పడానికి కావాల్సిన బలం మారలేదు కదా. మారింది తిరిగే వేగం. నెల తర్వాత నట్లు మళ్లీ బిగించి కొలిస్తే ఎర్త్ 0.14.

ఒక్క పని మిగిలింది. సెల్ఫ్ కొట్టగానే అప్పుడప్పుడు ఠక్కుమని ఒక శబ్దం వస్తుంది. పాత బెండిక్స్ పినియన్ రింగులోకి గేర్‌బాక్స్ వైపు నుంచి దూరేది, కొత్తది ఇంజన్ వైపు నుంచి దూరుతుంది. రింగు పళ్లకు వాలు చెక్కి ఉన్నది గేర్‌బాక్స్ వైపే, ఇంజన్ వైపు చదరంగా ఉన్నాయి. పన్ను పన్నుకు ఎదురుపడితే ఆ ఠక్కు. దానికితోడు నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా దాదాపు ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లే ఆగుతుంది కాబట్టి అద్దం పెట్టి చూస్తే ఆ రెండు చోట్లా పళ్లు అరిగి కనపడ్డాయి. ఇంకా పట్టు ఉంది, ఇప్పుడే గేర్‌బాక్స్ దించక్కర్లేదు. క్లచ్ ప్లేటు పనికి దించినప్పుడు ఆటోనగర్ లేతు షాపులో ఫ్లైవీల్ ఇచ్చి, వాలు ఇంజన్ వైపు ఉండేలా కొత్త రింగు వేడిచేసి ఎక్కించమని జాబ్ కార్డు మీద రాశాం.